ఇది ఏ టేపు నుంచి ఎక్కించారు?

(కడపలో పాత పాటల అభిమానులు కూడిన ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినబడుతోందా? అప్పా, ఆ మైకు కొంచెం తగ్గించు. శబ్దం గురించి మాట్లాడే సభలో మైకే కూతపెడితే మర్యాదగా ఉండదు. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఈ మధ్య ఫోను తెరిస్తే చాలు, పాత ఆల్బములు కొత్త చొక్కా తొడుక్కుని వస్తున్నాయి. హై-రెస్ అంటారు, అంటే సీడీకన్నా పెద్ద అంకెలతో కొలిచిన డిజిటల్ పాట. 24 బిట్ అంటారు. 192 కిలోహెర్ట్జ్ అంటారు. అంకె ఎంత పెద్దదైతే అంత గొప్ప అన్నట్టు ప్రకటన ఉంటుంది. ఒకే ఆల్బమును ఎల్పీగా కొన్నవాడు తర్వాత క్యాసెట్‌గా కొన్నాడు, సీడీగా కొన్నాడు, ఇప్పుడు ఫైలుగా కొనమంటున్నారు. కొనాలా వద్దా? కొంటే మనకు కొత్తగా చేతికి వచ్చేదేమిటి?

నేను ఈ రోజు చెప్పబోయేది ఒక్క ప్రశ్న గురించి. మీకు విసుగు పుట్టేదాకా అదే అడుగుతాను. ఇది ఏ టేపు నుంచి ఎక్కించారు? ఎవరు ఎక్కించారు? అంతే. మిగతా అంకెలన్నీ దాని తర్వాతే.

ఈ ప్రశ్న నాది కాదు లెండి. ఇక్కడ ఉన్న పెద్దవాళ్ళలో కొందరికి తెలుసు, మన సెవెన్ రోడ్స్ దగ్గర నాకు క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. పాటల లిస్టు రాసుకుని, ఖాళీ క్యాసెట్ తెచ్చుకుని జనం వచ్చేవాళ్ళు. అరవై నిమిషాలదైతే ఇన్ని పాటలు, తొంభైదైతే ఇన్ని. వచ్చినవాళ్ళలో చెవి ఉన్నవాడు మొదట అడిగేది రేటు కాదు. "అన్నా, ప్లేటు నుంచి ఎక్కిస్తావా, ఇంకో క్యాసెట్ నుంచి ఎక్కిస్తావా?" ఇదీ అడిగేది. ప్లేటంటే గ్రామఫోన్ రికార్డు. ప్లేటు నుంచి అంటే రెండు రూపాయలు ఎక్కువైనా ఇచ్చేవాడు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కిస్తే బుస్సుమనే శబ్దం పెరుగుతుందని, గొంతు మసకబారుతుందని వాడికి తెలుసు. వాడు ఇంజనీరు కాడు, ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారి. మరి ఇప్పుడు ఎంతమంది అడుగుతున్నారు? డబ్బా మీద అంకె చూస్తున్నాం, కొంటున్నాం.

సరే, ఆ అంకెల సంగతి తేల్చుకుందాం. లెక్కలంటే టెన్షన్ పడకండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

సీడీ 1982లో బజారులోకి వచ్చింది. అందులో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు, అదే 44.1 కిలోహెర్ట్జ్. ప్రతి కొలతనూ 16 బిట్లలో రాస్తారు. ఈ 44,100 ఏమిటి, 40,000 అనో 50,000 అనో గుండుగా పెట్టుకోవచ్చు కదా? నాకు ఈ కథంటే ఇష్టం. ఆ రోజుల్లో అంత డిజిటల్ సమాచారం నిల్వచేయడానికి చేతిలో ఉన్నది వీడియో టేపు. అందుకని శబ్దాన్ని వీడియో బొమ్మలాగా మార్చి టేపు మీద రాశారు. ఒక్కో గీతకు మూడు కొలతలు, ఒక్కో ఫీల్డుకు, అంటే వీడియోలో సగం బొమ్మకు, 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణించండి. ఆఁ, అక్కడ అమ్మాయి ఫోను తీసింది. ఎంత వచ్చింది? 44,100. ఆ లెక్కే సీడీకి వచ్చి చేరింది.

మనిషి చెవికి ఇరవై హెర్ట్జ్ నుంచి, అంటే సెకనుకు ఇరవై ఊపుల నుంచి, ఇరవై వేల హెర్ట్జ్ వరకు వినిపిస్తుందంటారు. అది పడుచు చెవి. నాకు ఇప్పుడు పన్నెండు వేలు దాటితే నిశ్శబ్దమే. ఎంత ఎత్తు శబ్దం కావాలో దానికి రెట్టింపుకన్నా ఎక్కువసార్లు కొలిస్తే ఆ శబ్దం మొత్తం తిరిగి వస్తుందని గణితం చెబుతుంది. నైక్విస్ట్, షానన్ అని ఇద్దరి పేర్లతో ఉన్న సూత్రం అది. అంటే సీడీలో 22,050 హెర్ట్జ్ వరకు చోటుంది. చాలామంది ఏమనుకుంటారంటే, డిజిటల్ అంటే మెట్లు మెట్లుగా ఉంటుంది, కొలతలు పెంచితే మెట్లు నునుపవుతాయి అని. ప్రకటనల్లో ఆ బొమ్మే వేస్తారు. ఆ బొమ్మ తప్పు. ప్లేయరులోంచి బయటకు వచ్చేసరికి అది నునుపైన అలే, మెట్లు ఉండవు. కొలతలు పెంచితే ఇంకా ఎత్తు శబ్దాలకు చోటు దొరుకుతుంది. ఆ ఎత్తులో వినేది గబ్బిలాలు.

మరి బిట్లు? బిట్లు పెరిగితే అడుగున ఉండే రొద తగ్గుతుంది. 16 బిట్లలో అతి పెద్ద శబ్దానికీ రొదకూ మధ్య 96 డెసిబెల్స్ దూరం ఉంటుంది. 24 బిట్లకు లెక్క ప్రకారం 144. అబ్బో అనిపిస్తుంది. కానీ 1970ల నాటి మాస్టర్ టేపు, అంటే స్టూడియోలో తయారైన అసలు టేపు, తీసుకోండి. టేపుకు సొంత బుస ఉంటుంది కదా, దానికీ పెద్ద శబ్దానికీ మధ్య దూరం అరవై, డెబ్బై డెసిబెల్స్. అంత మాత్రమే. అది సీడీలోనే హాయిగా పడుతుంది. ఒక ఇంచు నీళ్ళు పడే బోరుకు పది హెచ్‌పీ మోటరు బిగిస్తే రెండించులు వస్తాయా? మన జిల్లాలో ఈ మాట నేను విప్పి చెప్పక్కర్లేదు.

అట్లయితే హై-రెస్ అంతా మోసమా? ఆగండి, నేను ఆ మాట అనలేదు. టేపు నుంచి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు 24 బిట్లు కావాలి. లెవెలు కొంచెం తక్కువ పెట్టినా నష్టం ఉండదు, తర్వాత శుభ్రం చేసేటప్పుడు, సరిదిద్దేటప్పుడు మిగులు చోటుంటుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐయాసా కూడా పాత టేపులు దాచడానికి కనీసం 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఉండాలని, 96 అయితే ఇంకా మేలని చెబుతుంది. అది పనివాడికి. వినేవాడికి ఎంత కావాలన్నది వేరే సంగతి.

ఇంకో వింత ఉంది. టేపు మీద రికార్డు చేసేటప్పుడు బయాస్ అని చాలా ఎత్తైన స్వరం ఒకటి కలుపుతారు. అది ఏ చెవికీ వినబడదు. ప్లాంజెంట్ అనే పద్ధతిలో టేపును చదివే ప్రత్యేకమైన హెడ్లు పెట్టి ఆ బయాసును కూడా పట్టుకుంటారు. బయాస్ స్థిరంగా ఉండాల్సిన స్వరం కాబట్టి అది ఎక్కడ ఊగితే అక్కడ టేపు వేగం ఊగిందని అర్థం. ఆ ఊగును లెక్కగట్టి పాటలో సరిచేస్తారు. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాత ఆల్బములు 2014లో మళ్ళీ తెచ్చినప్పుడు ఇట్లాగే చేశారు. చూశారా, వినబడని శబ్దం నిజంగా పనికొచ్చిన చోటు ఇది. మనకు వినిపించడానికి కాదు, వినిపించేదాన్ని నిలబెట్టడానికి.

సరే. మనుషుల మీద పరీక్ష చేశారా? చేశారు. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో చేసి అక్కడి ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో రాశారు. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో అనే హై-రెస్ డిస్కులు పెట్టారు. ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి తగ్గించి. ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. అంటే సగం. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. తర్వాత 2016లో రీస్ అనే ఆయన ఇట్లాంటి 18 పరీక్షలను కలిపి చూస్తే 52.3 శాతం వచ్చింది. చెవికి శిక్షణ ఇచ్చినవాళ్ళు ఇంకొంచెం మెరుగు. అంటే తేడా లేదని కొట్టేయలేం, ఉన్నా అంత చిన్నది.

నాకు నచ్చింది ఆ 2007 వ్యాసం చివర్లో ఉంది. దాన్ని ఎవరూ ఎత్తి చూపరు. పరీక్షలో తేడా తెలియలేదు నిజమే గానీ, ఆ ఖరీదైన డిస్కులు మాత్రం మామూలు సీడీలకంటే బాగున్నాయి అన్నారు. ఇదేమప్పా, సీడీ స్థాయికి తగ్గించినా బాగుంది, మామూలు సీడీ బాగాలేదు! ఎందుకు? ఆ డిస్కు కొనేవాడు శ్రద్ధగా వింటాడని ఇంజనీరుకు తెలుసు. అందుకే శ్రద్ధగా మాస్టరింగ్, అంటే డిస్కుకు ఎక్కించేముందు చివరి మెరుగు, చేశాడు. కారులో, బజారులో గట్టిగా మోగాలని పిండి పిప్పి చేయలేదు. అంటే మనం హై-రెస్‌కు డబ్బిచ్చి కొంటున్నది నిజానికి ఒక మంచి పనివాడి చేయి.

దీనికి నా దగ్గర ఉన్న అందరికన్నా పెద్ద సాక్షి ఎవరంటే మైల్స్ డేవిస్. మీలో చాలామందికి ఈ పేరు కొత్త కావచ్చు. ట్రంపెట్ వాయిద్యకారుడు, జాజ్‌లో మహానుభావుడు. 1959లో న్యూయార్కులో కొలంబియా కంపెనీ స్టూడియోలో 'కైండ్ ఆఫ్ బ్లూ' అని ఆల్బము చేశాడు. మార్చి 2న మొదటి వైపు పాటలు మూడు రికార్డు చేశారు. ఆ రోజు అసలు మెషీను కొంచెం నెమ్మదిగా తిరిగింది. ఎవరూ గమనించలేదు. నెమ్మదిగా తిరిగిన టేపును సరైన వేగంతో వేస్తే ఏమవుతుంది? శ్రుతి పైకి పోతుంది. మన త్యాగరాజ ఆరాధనలో కూర్చునేవాళ్ళకు చెప్పాలా? ఆ రికార్డు పెట్టుకుని పక్కన వాయించబోతే వాయిద్యం కలవదు.

అదృష్టం ఏమంటే, పక్కనే ఇంకో మెషీను జాగ్రత్త కోసం అదే సమయంలో రికార్డు చేస్తోంది. అది సరైన వేగంతో తిరిగింది. ఆ రెండో రీలు నుంచి 1992లో తీశారు. అప్పటిదాకా, ముప్పై మూడేళ్ళు, ప్రపంచమంతా ఆ మొదటి వైపును తప్పు శ్రుతిలో విన్నది! ఇక్కడొక సంగతి గమనించండి. 1992లో సరిచేసి ఇచ్చినది ఏ రూపంలో? సీడీలో. 16 బిట్, 44.1. ఏ అంకె పెరిగింది? ఏదీ పెరగలేదు. టేపు మారింది. ఇప్పుడు ఎవరైనా పాత తప్పు టేపు నుంచి 192 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించి అమ్మితే, తప్పు శ్రుతి అతి సూక్ష్మంగా వినిపిస్తుంది. అంతే కదా?

బీటిల్స్ వాళ్ళ ఆల్బములు 2009 సెప్టెంబరులో మళ్ళీ వచ్చాయి. లండన్‌లో అబీ రోడ్ స్టూడియోలో నాలుగేళ్ళు కూర్చుని చేశారు. యాపిల్ పండు ఆకారంలో ఒక యూఎస్‌బీలో మంచి ఫైళ్ళు ఇచ్చారు. ఎంతలో ఇచ్చారు? 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. శాంపిల్ రేటు, అంటే సెకనుకు కొలతల లెక్క, సీడీదే.

ఇక పిండి పిప్పి చేయడం అన్నాను కదా. దాన్ని లౌడ్‌నెస్ యుద్ధం అంటారు. పక్క పాటకన్నా నా పాట గట్టిగా మోగాలి, దానికన్నా ఇంకోటి గట్టిగా మోగాలి. మృదంగం మీద దెబ్బ పడినప్పుడు ఒక్కసారి పైకి లేచి దిగాలి, ఆ లేవడంలోనే ప్రాణం ఉంది. పైభాగం కోసేసి మొత్తం ఒకే ఎత్తుకు లేపితే గోడలాగా ఉంటుంది. 2008లో మెటాలికా అనే బృందం 'డెత్ మాగ్నెటిక్' ఆల్బము ఇట్లాగే వచ్చింది. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేములో కూడా వచ్చాయి, అక్కడ అంత పిండలేదు. అభిమానులు పోల్చి చూసి, గేములో ఉన్నదే బాగుంది అని గోల చేశారు. పిల్లల ఆట వస్తువులోంచి వచ్చిన పాట డబ్బు పెట్టి కొన్న డిస్కుకన్నా బాగుంది. ఇట్లా కోసేసినదాన్ని 24 బిట్లలో ఇస్తే కోసిన తల తిరిగి మొలుస్తుందా?

ఇప్పుడు తెర చూడండి. లైటు ఒకటి ఆర్పండప్పా. ఇది ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేరు, ఉచితంగా దొరుకుతుంది. పాటను స్పెక్ట్రోగ్రామ్‌లో చూస్తే కింద మంద్ర శబ్దాలు, పైన తార శబ్దాలు రంగుల్లో కనబడతాయి. ఈ ఫైలు 96 కిలోహెర్ట్జ్ అని అమ్మింది. 22 వేల దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది, పైన అంతా నలుపు. అంటే? సీడీని తీసుకుని కొత్త డబ్బాలో పోశారు. రెండోది చూడండి, 16 వేల దగ్గరే ఆగింది. ఇది మామూలుగా 128 ఎంపీ3 గుర్తు. మూడోదాంట్లో పైదాకా రంగు ఉంది. సంబరపడకండి, పైన ఉన్నది చాలావరకు టేపు బుస. అయినా కనీసం టేపు నుంచి వచ్చిందని నమ్మకం.

కొన్ని ఆల్బములు పుట్టుకతోనే డిజిటల్. 1985 నాటి డైర్ స్ట్రెయిట్స్ బృందం ఆల్బము 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' ఉంది. సీడీ అంటే ఏమిటో ప్రపంచానికి అలవాటు చేసిన ఆల్బముల్లో ఒకటి. అది సోనీ డిజిటల్ టేపు మీద 16 బిట్లలోనే నమోదైంది. దానికి 24 బిట్ల ముద్ర వేస్తే మిగతా ఎనిమిదీ ఎక్కడినుంచి తెస్తారు?

ఎల్పీ అభిమానులు నవ్వుతున్నారు, వాళ్ళ దగ్గరికీ వస్తాను. మొబైల్ ఫిడెలిటీ అని కాలిఫోర్నియా కంపెనీ ఉంది. మాస్టర్ టేపు నుంచి నేరుగా చేస్తారని దాని రికార్డులకు పెద్ద పేరు. మధ్యలో టేపును డిజిటల్‌గా మార్చే దశ ఒకటి ఉందని 2022లో బయటపడింది. కోర్టుకు కూడా పోయారు. డిజిటల్ వింటే తలనొప్పి వస్తుందని చెప్పేవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ డిజిటల్‌నే మెచ్చుకున్నారు. కంపెనీ చెప్పకపోవడం తప్పే. కానీ రికార్డులు బాగున్నాయన్న మాట కూడా అబద్ధం కాదు.

సరే, దూరదేశాలు చాలు. మన పాటల సంగతి ఏమిటి? ఇక్కడ నాకు కొంచెం బాధ ఉంది.

1963 నాటి సుప్రభాతం ఎల్పీ. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిది. మన తాళ్ళపాక అన్నమయ్య కొలిచిన స్వామిదే కాబట్టి మన జిల్లాలో తెల్లవారుజామున అది వినని ఊరుండదు. మనం విన్నది ఎట్లా? గుడి మీద కట్టిన బాకా మైకులో. అందులో ఎమ్మెస్ గొంతుతో పాటు రాధా విశ్వనాథన్ గారి గొంతు కూడా ఉంది. రెండు గొంతులని మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. నలుగురైదుగురు. ఘంటసాల గారి భగవద్గీత కూడా అంతే. మహానుభావుడి గొంతు, మనం ఎక్కువసార్లు విన్నది శవయాత్ర బండిలో చిరిగిన స్పీకరులో. పక్కింట్లో గీత వినబడితే ఎవరు పోయారని అడుగుతాం. ఆ టేపులో అసలు ఏముందో మనం ఎప్పుడైనా నిదానంగా విన్నామా? ఇట్లాంటివాటికి మంచి రీఇష్యూ, అంటే మళ్ళీ విడుదల, రావాలి. వస్తే 44.1 అయినా నేను మొదటి రోజే కొంటాను.

సినిమా పాటలది ఇంకో చిక్కు. పాత పాటలు సినిమా ఫిల్ము అంచున ఆప్టికల్ ట్రాకుగా ఉండేవి. అందులో సుమారు ఏడెనిమిది వేల హెర్ట్జ్ దాటి పెద్దగా ఏమీ ఉండదు. గ్రామఫోన్ రికార్డు ఉంటే అది వేరే దారి. కానీ 78 వేగం రికార్డులో ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే. అందుకని సినిమాలో ఉన్న చరణం కొన్నిటికి రికార్డులో ఉండదు. ఫిల్ము నుంచి తీస్తే చరణం ఉంటుంది, గరగర ఉంటుంది. రికార్డు నుంచి తీస్తే శుభ్రంగా ఉంటుంది, చరణం పోతుంది. ఏది అసలు పాట? ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఇచ్చే రీఇష్యూ కావాలి మనకు. వస్తున్నదేమిటి? పాతదాని మీద కొత్త డ్రమ్ములు కలిపి, బొమ్మకు 4కే అని రాసి, రీమాస్టర్డ్ అంటున్నారు. రీమాస్టర్ అంటే ఉన్న మిక్స్‌ను శుభ్రం చేయడం. గొంతులూ వాయిద్యాలూ విడదీసి మళ్ళీ కలిపితే అది రీమిక్స్. డ్రమ్ములు కలిపితే ఏమంటారో నేను ఈ వేదిక మీద చెప్పను.

టేపు పోతే ఇంక ఏ అంకె లేదు. 2008 జూన్ 1న హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో మంటలు లేచి మాస్టర్ టేపుల గిడ్డంగి కాలిపోయింది. ఎంత పోయిందో జనానికి తెలిసింది 2019లో, అదీ న్యూయార్క్ టైమ్స్ రాస్తే. కాలనివి కూడా చెడిపోతాయి. 1970, 80ల నాటి కొన్ని రకాల టేపుల్లో పూత అంటించిన జిగురు తేమ పీల్చుకుని బంకగా మారుతుంది. వేస్తే హెడ్‌కు అతుక్కుంటుంది. అప్పుడు యాభై, యాభై ఐదు డిగ్రీల్లో గంటల తరబడి ఆరబెట్టి, ఆ తర్వాత ఎక్కిస్తారు. కడప ఎండలో మిద్దె మీద పెడితే సరిపోతుందా అని అడగకండి! అది తేమ, వేడి రెండూ అదుపులో పెట్టి చేసే పని. మీ ఇంట్లో పాత రీళ్ళుంటే, హరికథలో, నాటకాలో, తాతగారి పద్యాలో, ముందు వేసి చూద్దామనుకోవద్దు. చల్లగా, పొడిగా ఉంచి పనివాడి దగ్గరికి తీసుకుపోండి. క్యాసెట్లయితే అంత భయం లేదు. హెడ్ శుభ్రం చేసి, హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ తాళాల శబ్దం ఎక్కడ తేటగా వస్తుందో అక్కడ ఆపి, అప్పుడు ఎక్కించండి. ప్రతి క్యాసెట్‌కూ మళ్ళీ తిప్పాలి. ఓపిక కావాలి.

చీటీలు వచ్చాయి. ఒకరు అడిగారు, "బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో హై-రెస్ వస్తుందా?" పూర్తిగా రాదు తమ్ముడూ. గాలిలో పోయేటప్పుడు మళ్ళీ కుదిస్తుంది. ఎల్‌డాక్ అనే మంచి పద్ధతిలో కూడా సెకనుకు 990 కిలోబిట్లే పోతాయి, మామూలు సీడీకే 1,411 కావాలి. యాపిల్ వాళ్ళు తమ పాటల యాపులో 2021 నుంచి 192 దాకా అదనపు డబ్బు లేకుండా ఇస్తున్నారు గానీ, 48 దాటితే బయట డాక్, అంటే డిజిటల్‌ను శబ్దంగా మార్చే పరికరం, పెట్టుకోమని వాళ్ళే చెబుతున్నారు. ఇంకో చీటీ, "ఫోనులో చోటు ఎంత పడుతుంది?" నలభై నిమిషాల ఆల్బము 192లో కుదించకముందు రెండున్నర జీబీ దాటుతుంది. సీడీగా అయితే 420 ఎంబీ. ఫ్లాక్ చేస్తే, అంటే ఏమీ పోకుండా కుదిస్తే, రెండూ బాగా తగ్గుతాయి. మూడోది, "పదివేలుంటే ఏం కొనాలి?" స్పీకర్లో, మంచి వైరు హెడ్‌ఫోనో కొనండి. ఫైళ్ళ మీద పెట్టకండి.

ఇప్పుడు ఒకే పాట రెండుసార్లు వినిపిస్తాను. ఒకటి 24 బిట్, 96. రెండోది అదే ఫైలును నేను సీడీ స్థాయికి దించినది. రెండిటి సౌండూ మీటరు పెట్టి సమం చేశాను, ఎందుకంటే రవ్వంత గట్టిగా మోగినా అదే బాగుందని చెవి చెబుతుంది. ఏది ముందు వేస్తానో చెప్పను. మీ దగ్గర కాగితం ముక్కలున్నాయి కదా, హై-రెస్ మొదటిదో రెండోదో రాసి ఇవ్వండి. పక్కవాళ్ళది చూసి రాయకండి. పెన్ను లేనివాళ్ళు చెయ్యెత్తండి, ఇస్తారు. ఫ్యాన్లు ఆపండప్పా, నాలుగు నిమిషాలు చెమట ఓర్చుకుందాం.